నలుగురు కలిసి చూసుకునే వెబ్‌సైట్ ఫైళ్లను గిట్‌లో పెట్టి నడపడం ఎలా? మొదటి కమిట్ నుంచి సర్వర్ దాకా

సైట్ ఒకటే, చూసుకునేవాళ్లు నలుగురైదుగురు, అందరి దగ్గరా అదే ఎఫ్‌టీపీ (సర్వర్‌కి ఫైళ్లు ఎక్కించే పద్ధతి) పాస్‌వర్డ్, ఎవరికి తోచినప్పుడు వాళ్లు సర్వర్‌లోకి వెళ్లి ఫైల్ మార్చేస్తుంటారు, పొద్దున ఒకరు సరిచేసింది సాయంత్రం ఇంకొకరు తమ పాత కాపీ ఎక్కించేసరికి మాయమైపోద్ది. ఫోల్డర్లో చూస్తే ఇండెక్స్-కొత్తది, ఇండెక్స్-కొత్తది-2, ఇండెక్స్-ఫైనల్, వాటిలో ఏది నడుస్తోందో ఎవరికీ తెలీదు. దీన్ని గిట్‌లోకి (ఎవరు ఎప్పుడు ఏం మార్చారో హిస్టరీ దాచే సాఫ్ట్‌వేర్) ఎలా మార్చాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి వరుసగా రాస్తున్నా.

ముందు ఒక్క విషయం ఒప్పుకోండి, టీమ్‌లో అందరూ. మార్పు ఎప్పుడూ ఒకే దిక్కున పోవాలి: మీ మెషీన్ నుంచి రిపోకి (ఫైళ్లు, వాటి హిస్టరీ ఉండే ఉమ్మడి చోటు), రిపో నుంచి సర్వర్‌కి. సర్వర్‌లో నేరుగా ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు, చిన్న కామా అయినా సరే. ఇది కుదరదు అనుకుంటే కింద ఉన్నదంతా చదివి లాభం లేదు, ఎందుకంటే మిగతా స్టెప్పులన్నీ ఈ ఒక్క రూల్‌ని కాపాడటానికే ఉన్నాయి.

కమాండ్లు ఇక్కడ పలికినట్టు రాశా, టెర్మినల్లో మాత్రం ఎప్పటిలాగే ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయండి.

## 1. మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సినవి

రిపో ఎవరి పేరు మీద ఉండాలన్నది మొదటి ప్రశ్న. ఒకరి సొంత ఖాతాలో పెట్టేస్తారు చాలామంది, ఆయన ఉద్యోగం మారి లాగిన్ మర్చిపోయాక అందరూ బయటే నిలబడాలి. రిపోలు పెట్టుకునే సైట్లలో గిట్‌హబ్ అయితే ఆర్గనైజేషన్, గిట్‌ల్యాబ్ అయితే గ్రూప్ ఒకటి తెరిచి రిపో అందులో పెట్టండి, ఓనర్ హక్కులు కనీసం ఇద్దరికి ఇవ్వండి. డొమైన్, హోస్టింగ్ లాగిన్లకీ ఇదే లెక్క.

తర్వాత ఏది గిట్‌లోకి పోవాలి, ఏది పోకూడదు.

పోవాల్సినవి: హెచ్‌టీఎంఎల్, టెంప్లేట్లు, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్, సర్వర్ కోడ్, లోగో లాంటి చిన్న బొమ్మలు, ప్యాకేజీల లిస్టు, దాని లాక్ ఫైల్ (ఏ ప్యాకేజీ ఏ వెర్షనో రాసి ఉండేది).

పోకూడనివి:
- యూజర్లు అప్‌లోడ్ చేసే ఫోటోలు, పీడీఎఫ్‌లు
- డేటాబేస్, దాని డంపులు (డేటాని ఫైల్‌గా తీసిన కాపీలు)
- క్యాష్ (తాత్కాలిక కాపీలు), లాగ్ ఫైళ్లు
- నోడ్ మాడ్యూల్స్ లాంటి, కమాండ్ కొడితే మళ్లీ వచ్చేసే ఫోల్డర్లు
- పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు ఉన్న ఏ ఫైలైనా

పెద్ద వీడియోలు, డిజైన్ ఫైళ్లు కూడా వద్దు. గిట్‌హబ్ 50 ఎంబీ దాటిన ఫైల్‌కి హెచ్చరిక ఇస్తది, 100 ఎంబీ దాటితే పుష్‌నే (మీ మెషీన్ నుంచి రిపోకి పంపడాన్ని) ఆపేస్తది. అంతకంటే అసలు ఇబ్బంది ఏంటంటే బైనరీ ఫైల్ మార్చిన ప్రతిసారీ కొత్త కాపీ హిస్టరీలో చేరుద్ది, తర్వాత ఫైల్ తీసేసినా హిస్టరీ బరువు తగ్గదు, క్లోన్ చేసే (రిపో మొత్తం తమ మెషీన్‌కి దించుకునే) ప్రతి ఒక్కరూ అది మోయాల్సిందే. తప్పదు అనుకుంటే పెద్ద ఫైళ్లని విడిగా దాచే గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ వాడండి.

ఇంకొకటి, మార్పిడి జరిగే రోజు ఎవరూ సైట్ ముట్టుకోకూడదని అందరికీ ముందే చెప్పేయండి.

## 2. మొదటి కమిట్ లైవ్ సర్వర్ నుంచే

కమిట్ అంటే ఫైళ్లు ఇప్పుడు ఎలా ఉన్నాయో హిస్టరీలో నమోదు చేయడం. ఎవరో ఒకరి ల్యాప్‌టాప్‌లో "లేటెస్ట్ ఉంది" అంటారు, నమ్మొద్దు. నిజంగా నడుస్తున్నది సర్వర్‌లో ఉన్నదే, కాబట్టి అక్కడ నుంచే మొత్తం దించుకోండి.

1. సర్వర్ ఫైళ్లన్నీ దించుకుని ఒక కాపీ ముట్టుకోకుండా పక్కన దాచండి. డేటాబేస్ బ్యాకప్ కూడా ఇప్పుడే.
2. ఇంకో కాపీలో 'గిట్ ఇనిట్ -బి మెయిన్' కొట్టండి.
3. దేనినీ యాడ్ చేయకముందే '.గిట్‌ఇగ్నోర్' ఫైల్ (గిట్ వదిలేయాల్సిన ఫైళ్ల లిస్టు) రాయండి. వరుస ముఖ్యం, ఒకసారి ట్రాక్ అయిపోయిన ఫైల్‌ని ఇగ్నోర్ లిస్టులో రాసినా గిట్ పట్టించుకోదు. అలా అయిపోతే 'గిట్ ఆర్‌ఎం --క్యాష్డ్' కొట్టి కమిట్ చేయాలి. ఇక్కడొక మెలిక ఉంది: మీ దగ్గర ఫైల్ అలాగే ఉంటది గానీ మిగతావాళ్లు పుల్ చేసినప్పుడు (రిపోలోని కొత్త మార్పులు దించుకున్నప్పుడు) వాళ్ల దగ్గర డిలీట్ అయిపోద్ది, సర్వర్‌లో పుల్ చేస్తే అక్కడ కూడా, అందుకని ముందే చెప్పి కాపీ పెట్టుకోమనండి.
4. 'గిట్ యాడ్ .' కొట్టి, వెంటనే కమిట్ చేయకుండా 'గిట్ స్టేటస్' లిస్టు పైనుంచి కిందకి ఓపిగ్గా చదవండి. కాన్ఫిగ్ ఫైల్, డంప్ ఫైల్, జిప్ ఫైల్ ఏదైనా కనిపిస్తే ఇక్కడే పట్టుకోవాలి.
5. కమిట్ చేసి ప్రైవేట్ రిపోలోకి పుష్ చేయండి.

ఈ మొదటి కమిట్‌లో ఏమీ శుభ్రం చేయొద్దు. ఇండెక్స్-ఫైనల్ లాంటి చెత్త ఎంత చిరాకు తెప్పించినా సరే, ఉన్నది ఉన్నట్టు పెట్టండి, ఏరివేత రెండో కమిట్ నుంచి. అప్పుడు తీసేసిన వాటిలో ఏదో ఒకటి నిజంగా అవసరమని తేలితే వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఖాళీ ఫోల్డర్లని గిట్ ట్రాక్ చేయదు. సైట్‌కి ఖాళీ 'అప్‌లోడ్స్' ఫోల్డర్ కావాలంటే అందులో '.గిట్‌కీప్' అని ఒక ఖాళీ ఫైల్ పెట్టడం అలవాటు, ఆ పేరుకి ప్రత్యేక శక్తేం లేదు, ఏదో ఒక ఫైల్ ఉంటే చాలు.

## 3. పాస్‌వర్డ్‌లు విడిగా

డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న కాన్ఫిగ్ ఫైల్‌ని ఇగ్నోర్‌లో పెట్టి, దాని పక్కన విలువలు లేని నమూనా ఫైల్ ఒకటి కమిట్ చేయండి. కొత్తవాళ్లు నమూనాని కాపీ చేసుకుని తమ విలువలు నింపుకుంటారు. సర్వర్‌లో అసలు ఫైల్ సర్వర్‌లోనే ఉంటది.

ఇప్పటికే కమిట్ అయి పుష్ కూడా అయిపోతే? తర్వాతి కమిట్‌లో తీసేస్తే సరిపోదు, పాత కమిట్‌లో అది అలాగే ఉంటది. మొదట చేయాల్సింది ఆ పాస్‌వర్డ్ మార్చడం, ఆ కీ రద్దు చేయడం. 'గిట్ ఫిల్టర్-రిపో' తో హిస్టరీ కడగడం తర్వాతి సంగతి, చాలాసార్లు అది అవసరం కూడా పడదు. కడిగితే మాత్రం కమిట్ ఐడీలు మారిపోతాయి కాబట్టి అందరూ పాత క్లోన్లు పారేసి కొత్తగా క్లోన్ చేయాలి, ఒక్కరు పాత క్లోన్ నుంచి పుష్ చేసినా కడిగిందంతా తిరిగొచ్చేస్తది.

## 4. ఒక్కొక్కరి మెషీన్ సెటప్

ఉమ్మడి లాగిన్ వద్దు. అందరూ 'అడ్మిన్' పేరుతో కమిట్ చేస్తే ఏ లైన్ ఎవరు మార్చారో చూపే 'గిట్ బ్లేమ్' ఎందుకూ పనికిరాదు, ఎవర్ని అడగాలో తెలీదు.

- 'గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్' తో యూజర్ నేమ్, ఈమెయిల్ సొంతవి పెట్టుకోవాలి
- ఎవరి మెషీన్‌లో వాళ్లు 'ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ -టి ఈడీ25519' కొట్టి కీ (పాస్‌వర్డ్ బదులు వాడే ఫైళ్ల జత) చేసుకుని, పబ్లిక్ భాగం మాత్రమే ఖాతాలో చేర్చాలి. గిట్‌హబ్ 2021 ఆగస్టు 13 నుంచి గిట్ పనులకి ఖాతా పాస్‌వర్డ్ ఒప్పుకోవట్లేదు, కీ గానీ టోకెన్ గానీ ఉండాల్సిందే
- 'పుల్.రీబేస్' ని 'ట్రూ' చేసుకుంటే పుల్‌లో రీబేస్ జరుగుద్ది, అంటే మీ కమిట్లు తాజా వాటి పైన మళ్లీ పేరుస్తది, ఊరికే పుల్ చేసిన ప్రతిసారీ అర్థంలేని మెర్జ్ (రెండు దారుల మార్పులు కలిపే) కమిట్లు పుట్టవు
- తెలుగు పేర్లున్న ఫైళ్లు స్టేటస్‌లో అంకెలు, బ్యాక్‌స్లాష్‌లుగా కనిపిస్తుంటే 'కోర్.కోట్‌పాత్' ని 'ఫాల్స్' చేయండి, పేర్లు మామూలుగా కనిపిస్తాయి

లైన్ ఎండింగ్స్ గొడవ కూడా ఇక్కడే తీర్చుకోవాలి. విండోస్‌లో లైన్ చివర రెండు క్యారెక్టర్లు, లినక్స్, మ్యాక్‌లలో ఒకటే, అందుకే ఒకరు ఒక్క లైన్ మార్చినా డిఫ్‌లో (ఏం మారిందో చూపే చోట) ఫైల్ మొత్తం మారినట్టు చూపిస్తది. రిపో రూట్‌లో '.గిట్‌అట్రిబ్యూట్స్' ఫైల్ పెట్టి అందులో '* టెక్స్ట్=ఆటో' అని ఒక లైన్ రాసి, ఒకసారి 'గిట్ యాడ్ --రీనార్మలైజ్ .' కొట్టి దాన్ని విడి కమిట్‌గా పెట్టండి. ఎడిటర్‌లో ఒక్కొక్కరూ సెట్టింగ్ మార్చుకోవడం కంటే ఇదే నయం, ఎందుకంటే ఈ ఫైల్ రిపోతో పాటే అందరికీ వెళ్తది.

ఫైల్ పేర్లు అన్నీ ఇంగ్లీషు చిన్నబడి (స్మాల్ లెటర్స్) అక్షరాలే అని ఒక రూల్ పెట్టుకోండి. విండోస్, మ్యాక్‌లలో మామూలుగా పెద్దబడి చిన్నబడి తేడా పట్టించుకోరు, లినక్స్ సర్వర్ పట్టించుకుంటది, అందుకే మీ దగ్గర కనపడే బొమ్మ సర్వర్‌లో కనపడదు.

## 5. రోజువారీ పని వరుస

ఇది గోడ మీద అంటించుకోదగ్గ వరుస, రెండు వారాలు చూసి చేస్తే తర్వాత చేతికి అలవాటైపోద్ది.

1. 'గిట్ స్విచ్ మెయిన్' (మెయిన్ అంటే అందరి ఉమ్మడి అసలు బ్రాంచ్), తర్వాత 'గిట్ పుల్'. ఎడిటర్ తెరిచేముందే.
2. 'గిట్ స్విచ్ -సి' తో పని పేరుతో కొత్త బ్రాంచ్ (మెయిన్‌ని కదపకుండా పని చేసుకునే పక్క దారి).
3. మార్పు చేసి, మీ మెషీన్‌లోనే సైట్ నడిపి చూసుకోండి.
4. 'గిట్ డిఫ్' చదవండి. తెలీకుండా దూరినవి ఇక్కడే దొరుకుతాయి.
5. 'గిట్ యాడ్ -పి' తో ముక్క ముక్కగా ఎంచుకుని కమిట్.
6. పుష్ చేసి పుల్ రిక్వెస్ట్ (నా బ్రాంచ్ చూసి మెయిన్‌లో కలపండి అని అడగడం) తెరవండి.
7. ఇంకొకరు చూసి మెర్జ్ చేస్తారు, బ్రాంచ్ డిలీట్.

బ్రాంచ్ ఒకట్రెండు రోజుల్లో ముగిసేలా చూసుకోండి. మూడు వారాలు పక్కన నడిచిన బ్రాంచ్‌ని మెర్జ్ చేయాలంటే ఏడుపొస్తది. డెవలప్, రిలీజ్, హాట్‌ఫిక్స్ అని నాలుగైదు రకాల బ్రాంచ్‌లు పెట్టే పద్ధతులు ఉన్నాయి గానీ నలుగురు చూసుకునే సైట్‌కి అది మోయలేని బరువు అని నా అభిప్రాయం, మెయిన్ ఒకటి, చిన్న బ్రాంచ్‌లు కొన్ని, చాలు. అక్షర దోషం దిద్దడానికి కూడా రివ్యూ కావాలా అంటే, అది మీ ఇష్టం, నేరుగా మెయిన్‌లో కమిట్ చేసినా ఫర్వాలేదని టీమ్ అనుకోవచ్చు, సర్వర్‌లో దిద్దడం మాత్రం కాదు.

కమిట్ మెసేజ్ "అప్‌డేట్", "మార్పులు", "ఫిక్స్" అని రాస్తే ఆరు నెలల తర్వాత మీకే అర్థం కాదు. ఏం మారిందో మొదటి లైన్లో, ఎందుకు మార్చాల్సి వచ్చిందో ఒక ఖాళీ లైన్ వదిలి కింద. "సంప్రదింపు ఫారం: ఖాళీ ఫోన్ నంబర్‌తో ఎర్రర్ రాకుండా చేశా" అంటే చాలు. తెలుగులో రాసుకోవచ్చు, గిట్‌కి ఏ ఇబ్బందీ లేదు.

## 6. కాన్‌ఫ్లిక్ట్ వచ్చినప్పుడు

దీనికి భయపడే చాలామంది మళ్లీ ఎఫ్‌టీపీ వైపు పోతారు. నిజానికి కాన్‌ఫ్లిక్ట్ అంటే ఇద్దరు ఒకే చోట మార్చారు, ఎవరిది ఉంచాలో నేను తేల్చలేను అని గిట్ చెప్పడమే. ఎఫ్‌టీపీలో కూడా ఈ గొడవ ఉంది, కాకపోతే అక్కడ చెప్పకుండా ఒకరిది పోద్ది.

ఫైల్ తెరిస్తే ఏడు '<' గుర్తుల లైన్, మధ్యలో ఏడు '=' గుర్తులు, చివర ఏడు '>' గుర్తులు ఉంటాయి. పై ముక్క ఒకరిది, కింది ముక్క ఇంకొకరిది. చేయాల్సింది:

1. రెండు ముక్కలూ చదవండి, అవతలి మార్పు ఎందుకో తెలీకపోతే ఆ మనిషిని అడగండి. ఊహించి తీసేయొద్దు.
2. చివరికి ఎలా ఉండాలో అలా రాసి, మూడు గుర్తు లైన్లూ తీసేయండి. చాలాసార్లు సరైన జవాబు రెండూ కలిపినది అవుద్ది.
3. 'గిట్ డిఫ్ --చెక్' కొట్టండి, మిగిలిపోయిన గుర్తులుంటే చూపిస్తది.
4. 'గిట్ యాడ్', తర్వాత మెర్జ్ అయితే 'గిట్ కమిట్', రీబేస్ అయితే 'గిట్ రీబేస్ --కంటిన్యూ'.
5. సైట్ నడిపి చూడండి. కాన్‌ఫ్లిక్ట్ తీరినంత మాత్రాన కోడ్ పనిచేస్తుందని కాదు.

మధ్యలో గందరగోళం అయిపోతే 'గిట్ మెర్జ్ --అబార్ట్' లేదా 'గిట్ రీబేస్ --అబార్ట్', మొదలుపెట్టక ముందున్న స్థితికి వెళ్లిపోతారు.

ఒక ఉచ్చు గురించి చెప్పాలి. మెర్జ్‌లో 'అవర్స్' అంటే మీరున్న బ్రాంచ్. రీబేస్‌లో అది తిరగబడుద్ది: 'అవర్స్' అంటే మీరు దేని మీదకి రీబేస్ చేస్తున్నారో అది, 'దెయిర్స్' అంటే మీ సొంత కమిట్లు. పైన 'పుల్.రీబేస్' పెట్టుకున్నాం కదా, అందుకని పుల్‌లో కాన్‌ఫ్లిక్ట్ వచ్చి ఎడిటర్‌లో పేరు చూసి బటన్ నొక్కితే మీ పనే పోయే ప్రమాదం ఉంది, పేరు కాదు, ముక్కలోని కోడ్ చూసి ఎంచుకోండి.

బొమ్మలు, పీడీఎఫ్‌ల లాంటి వాటిని గిట్ కలపలేదు, రెండిటిలో ఒకటి ఎంచుకోవాల్సిందే. అలాంటి ఫైల్ మార్చేముందు గ్రూప్‌లో ఒక మాట వేస్తే సరిపోద్ది.

ఇంకా, ఎడిటర్‌లో ఫార్మాటర్ ఆన్ చేసి ఫైల్ మొత్తం స్పేస్‌లు సరిదిద్దేవాళ్లు ప్రతి టీమ్‌లో ఒకరుంటారు. మంచి ఉద్దేశమే గానీ ఆ ఫైల్‌లో పనిచేస్తున్న మిగతా అందరికీ కాన్‌ఫ్లిక్ట్ తెచ్చిపెడతారు. ఫార్మాటింగ్ ఎప్పుడూ విడి కమిట్, అది కూడా మిగతా బ్రాంచ్‌లన్నీ మెర్జ్ అయ్యాక.

## 7. సర్వర్‌కి పంపడం

మూడు దారులున్నాయి.

సర్వర్‌లో క్లోన్ చేసి పుల్ కొట్టడం. తేలిక, కానీ వెబ్ ఫోల్డర్‌లోనే '.గిట్' ఫోల్డర్ కూర్చుంటది, దాన్ని బ్లాక్ చేయకపోతే బయటివాళ్లు మీ సోర్స్ కోడ్, హిస్టరీ మొత్తం దించుకోగలరు. ఇప్పుడే బ్రౌజర్‌లో మీ సైట్ అడ్రస్ చివర '/.గిట్/హెడ్' అని ఇంగ్లీషులో కొట్టి చూడండి, హెడ్ పెద్దబడిలో. 404 గానీ 403 గానీ రావాలి. 'రెఫ్' అని మొదలయ్యే ఒక లైన్ కనిపిస్తే వెంటనే వెబ్ సర్వర్ కాన్ఫిగ్‌లో మూసేయండి, హిస్టరీలో ఉన్న పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి.

బేర్ రిపో (పని ఫైళ్లు లేకుండా హిస్టరీ మాత్రమే ఉండే రిపో), హుక్ (పుష్ రాగానే తనంతట తాను నడిచే స్క్రిప్ట్). సర్వర్‌లో వెబ్ ఫోల్డర్ బయట 'గిట్ ఇనిట్ --బేర్ --షేర్డ్=గ్రూప్' తో రిపో పెట్టి, 'పోస్ట్-రిసీవ్' హుక్‌లో వెబ్ ఫోల్డర్‌లోకి 'చెకౌట్ -ఎఫ్' చేయించడం. షేర్డ్ అన్నది మర్చిపోతే ఒకరు పుష్ చేసిన ఫైళ్ల మీద ఇంకొకరికి పర్మిషన్ లేక రెండో మనిషి పుష్ ఆగిపోద్ది. హుక్ ఫైల్‌కి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇవ్వకపోతే అది నడవదు.

మెర్జ్ అవ్వగానే ఆటోమేటిక్‌గా. గిట్‌హబ్ యాక్షన్స్, గిట్‌ల్యాబ్ సీఐ లాంటివి మెయిన్‌లో మార్పు చూసి 'ఆర్‌సింక్' (మారిన ఫైళ్లని కాపీ చేసే కమాండ్) తో సర్వర్‌కి పంపుతాయి. నా ఓటు దీనికే, ఎందుకంటే అప్పుడు మనుషులకి సర్వర్ లాగిన్ అవసరమే ఉండదు. జాగ్రత్త ఒక్కటే: 'ఆర్‌సింక్ --డిలీట్' పెడితే రిపోలో లేనివన్నీ సర్వర్‌లో తుడిచేస్తది, అప్‌లోడ్స్ ఫోల్డర్, కాన్ఫిగ్ ఫైల్ 'ఎక్స్‌క్లూడ్' లో లేకపోతే అవి కూడా. మొదటిసారి తప్పకుండా '-ఎన్', '-వీ' రెండూ పెట్టి ఏమేం తీసేయబోతుందో లిస్టు చూసుకోండి.

ఏ దారి పట్టినా:
- సర్వర్‌లో ప్రస్తుతం ఏ కమిట్ ఉందో ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాయించండి
- పెద్ద మార్పుకి ముందు ట్యాగ్ (కమిట్‌కి పెట్టే గుర్తు పేరు) పెట్టండి
- డేటాబేస్ టేబుల్ మార్పు ఉంటే దాని స్క్రిప్ట్‌కి వరుస నంబర్ వేసి కమిట్ చేయండి, చేత్తో కొట్టి మర్చిపోవద్దు
- ఒకటి రెండు సార్లు డిప్లాయ్ (సర్వర్‌కి పంపడం) సరిగ్గా జరిగాక పాత ఎఫ్‌టీపీ పాస్‌వర్డ్ మార్చేయండి. అది ఉన్నన్నాళ్లూ ఎవరో ఒకరు వాడతారు

## 8. అయినా ఎవరో సర్వర్‌లో మార్చేశారు

అవుతది. రాత్రిపూట సైట్ పడిపోతే ఎవరైనా ముందు అదే చేస్తారు. తిట్టుకునే బదులు ఇలా రిపోలోకి తెచ్చుకోండి, అదీ తర్వాతి డిప్లాయ్ కంటే ముందే, లేకపోతే ఆ మార్పు చెప్పకుండా కొట్టుకుపోద్ది.

1. ఆటోమేటిక్ డిప్లాయ్ ఉంటే ఆపండి.
2. సర్వర్‌లో ఉన్న కమిట్ ఏదో చూసి, సరిగ్గా దాని నుంచే బ్రాంచ్ తీయండి, మెయిన్ తాజా కొస నుంచి కాదు.
3. సర్వర్ ఫైళ్లు దించి ఆ బ్రాంచ్ మీద వేసి 'గిట్ డిఫ్' చూడండి. ఇప్పుడు కనిపించేది కచ్చితంగా ఆ మనిషి చేసిన మార్పే.
4. '--ఆథర్' తో వాళ్ల పేరు మీదే కమిట్ చేసి మెయిన్‌లోకి మెర్జ్ చేయండి, డిప్లాయ్ మళ్లీ ఆన్.

## 9. చెడిపోతే వెనక్కి

లైవ్ సైట్ పగిలింది, కమిట్ తెలుసు. 'గిట్ రివర్ట్'. అది ఆ మార్పుకి విరుగుడు కమిట్ చేస్తది, హిస్టరీ చెక్కుచెదరదు. పుష్ అయిపోయిన దాని మీద, హిస్టరీనే వెనక్కి జరిపే 'రీసెట్' వాడొద్దు.

మెర్జ్ కమిట్‌ని రివర్ట్ చేయాలి. 'గిట్ రివర్ట్ -ఎం 1'. తర్వాత అదే బ్రాంచ్ సరిచేసి మళ్లీ మెర్జ్ చేస్తే పాత మార్పులు రావు, గిట్ లెక్కలో అవి ఇప్పటికే మెర్జ్ అయ్యాయి. ముందు ఆ రివర్ట్‌ని రివర్ట్ చేసి, అప్పుడు మెర్జ్ చేయాలి.

ఏ కమిట్ పాడుచేసిందో తెలీదు. 'గిట్ బైసెక్ట్'. బాగున్న కమిట్ ఒకటి, బాగాలేనిది ఒకటి చెప్తే మధ్యలోది చూపిస్తూ సగానికి సగం తగ్గించుకుంటూ పోద్ది, వెయ్యి కమిట్లున్నా పది పరీక్షల్లో దొరికిపోద్ది.

నా కమిట్లు మాయమయ్యాయి. చాలావరకు ఎక్కడికీ పోలేదు. 'గిట్ రెఫ్‌లాగ్' (మీ మెషీన్‌లో బ్రాంచ్‌లు ఎప్పుడు ఏ కమిట్ దగ్గర ఉన్నాయో చూపే లిస్టు) లో ఐడీ వెతికి దాని మీద బ్రాంచ్ తీయండి. ఏ బ్రాంచ్‌కీ అందని కమిట్ల ఎంట్రీలు మామూలు సెట్టింగ్‌లో 30 రోజులు ఉంటాయి, కాబట్టి నెల దాటనివ్వొద్దు. కమిట్ చేయనే లేదంటే మాత్రం అది రెఫ్‌లాగ్‌లో దొరకదు.

పుష్ రిజెక్ట్ అయింది. మీ కంటే ముందు ఎవరో పుష్ చేశారు. పుల్ చేసి మళ్లీ పుష్ చేయండి, '--ఫోర్స్' కొట్టొద్దు, కొడితే వాళ్ల పని రిపోలోంచి ఎగిరిపోద్ది. సొంత బ్రాంచ్‌లో రీబేస్ తర్వాత తప్పనిసరైతే, మీకు తెలీకుండా ఇంకొకరు పుష్ చేసి ఉంటే ఆగిపోయే '--ఫోర్స్-విత్-లీజ్' వాడండి. మెయిన్‌ని సెట్టింగ్స్‌లో ప్రొటెక్ట్ చేసేస్తే ఈ బెడదే ఉండదు.

## 10. మనుషులు వచ్చినప్పుడు, వెళ్లినప్పుడు

కొత్తవాళ్లకి రీడ్‌మీ (రిపోలో ఉండే పరిచయ ఫైల్) చాలు అనిపించాలి: క్లోన్ ఎలా, మెషీన్‌లో సైట్ నడపడం ఎలా, డిప్లాయ్ ఎలా, ఎవర్ని అడగాలి. వాళ్లు సెటప్ చేసుకుంటూ ఇరుక్కున్న చోటల్లా రీడ్‌మీలో వాళ్లచేతే దిద్దించండి, అదే వాళ్ల మొదటి కమిట్.

వెళ్లేవాళ్ల విషయంలో మొహమాటం వద్దు, అదే రోజు:

- రిపో సభ్యత్వం తీసేయడం
- సర్వర్‌లో వాళ్ల ఎస్‌ఎస్‌హెచ్ కీ తీసేయడం
- వాళ్లకి తెలిసిన డేటాబేస్ పాస్‌వర్డ్, ఏపీఐ కీలు మార్చడం
- డిప్లాయ్ వాళ్ల సొంత టోకెన్ మీద నడుస్తోందేమో చూడటం, ఇది చాలామంది మర్చిపోతారు, ఖాతా తీసేయగానే డిప్లాయ్ ఆగిపోద్ది
- మెర్జ్ కాని వాళ్ల బ్రాంచ్‌లు ఎవరు తీసుకుంటారో తేల్చడం

బ్యాకప్ సంగతి విడిగా చూసుకోండి. రిపోకి నెలకోసారి 'గిట్ క్లోన్ --మిర్రర్' తో ఇంకో చోట కాపీ పెట్టొచ్చు, కానీ డేటాబేస్, అప్‌లోడ్స్ గిట్‌లో లేవు కదా, వాటికి రోజువారీ బ్యాకప్ వేరే ఉండాలి, దాన్ని అప్పుడప్పుడు ఖాళీ సర్వర్‌లో ఎక్కించి చూడాలి.